మిగతా ఆరు రోజుల భక్తి ఎలా చేయాలి

గుంటూరులో ప్రార్థనలకి కొదవ లేదు. 1842లో హేయర్ దొరగారు ఇక్కడికొచ్చి లూథరన్ మిషన్ పని మొదలుపెట్టిన దగ్గర్నుంచి చూస్తే ఇప్పుడు పేటకో గుడి, ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో ఎవరింట్లోనో గృహ కూడిక. బెజవాడలోనూ ఇంతే, అక్కడ మేరీమాత గుడి ఉన్న గుణదల కొండ అదనం. కాబట్టి ఇంకా ఎక్కువ ప్రార్థన చేయండని చెప్పడానికి ఇది రాయట్లేదు. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిని, కాసేపు పడుకుని లేచాక మొదలవుతుందే వారం, అందులో విశ్వాసాన్ని ఎక్కడ, ఎలా ఆచరణలో పెట్టాలో నాకు తెలిసినంత వరకు చెప్తాను.

ముందు డబ్బు దగ్గర మొదలుపెట్టండి. ఉదయపు ప్రార్థనతో మొదలుపెట్టమని చాలామంది అంటారు, అదీ మంచిదే, దానికీ వస్తాను. కానీ ప్రార్థనలో మనల్ని మనం ఎంతైనా మభ్యపెట్టుకోవచ్చు, లెక్కల పుస్తకం ముందు కూర్చుంటే అంత తేలిక కాదు.

మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే విశ్వాసి ఉన్నాడనుకోండి. రైతు రాత్రంతా లారీలో టిక్కీల (మిర్చి బస్తాల) మీదే పడుకుని వచ్చి ఉంటాడు, కళ్ళు ఎర్రగా, ఘాటుకి తుమ్ములు. కాటా మీద అంకె కుదురుకోకముందే రాసేస్తున్నారా, సంచి బరువనీ తేమ అనీ తరుగు కింద ఎంత కొట్టేస్తున్నారు, ఇవన్నీ అతనికి సగం అర్థం కావు. అర్థమైనా నోరెత్తడు, వచ్చే ఏడు పెట్టుబడికి మళ్ళీ అదే కొట్టుకి రావాలి కదా. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1లో ఉన్న మాట మన గుమాస్తాకి కంఠతా వచ్చి ఉండొచ్చు, అది పనికొచ్చేది మాత్రం ఇక్కడే. అంకె నిలబడే దాకా ఆగాలి, రైతుకి వినపడేలా పైకి చదవాలి, తరుగు ఎంత తీశారో ఎందుకు తీశారో చీటీ మీద రాయాలి. యజమాని మొహం మాడ్చుకుంటాడు, నిజమే. అన్నీ మీ చేతిలో లేకపోవచ్చు కూడా. కనీసం అంకె పైకి చదవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. అన్నట్టు, బరువు పెరుగుతుందని కాయల మీద నీళ్ళు చల్లి తెచ్చే రైతుకీ అదే వచనం వర్తిస్తుంది.

యార్డుతో సంబంధం లేనివాళ్ళు ఒక కాగితం తీసుకుని ఎవరికి ఎంత ఇవ్వాలో రాయండి. చేబదుళ్ళు, కిరాణా కొట్టు ఖాతా, బావమరిది దగ్గర తీసుకుని మూడేళ్ళుగా ఇద్దరూ ఎత్తని ఆ మొత్తం, అన్నీ. ఇప్పుడు తీర్చలేకపోతే ఫోన్ చేసి "అన్నా, మర్చిపోలేదు, ఫలానా నెల నుంచి నెలకింత పంపుతాను" అని చెప్పండి. లూకా సువార్తలో సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు, మనల్ని అసలైనా ఇమ్మనే కదా అడుగుతున్నారు.

ఆ కాగితంలో మొదటి పేరు మీ ఇంట్లో పనిచేసే ఆవిడది అయి ఉండాలి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు అని లేవీయకాండం 19వ అధ్యాయం చెప్తుంది. మనమేమో ఒకటో తారీఖు జీతం పడగానే దశమభాగం కవర్లో పెట్టి, పనావిడని మాత్రం "ఐదో తారీఖు దాటాక చూద్దాంలే" అంటాం. వరస మార్చండి. ఆమె జీతం ముందు, కానుక తర్వాత. పండగకి చీర పెట్టాం కదా అని జీతంలో కోత పెట్టొద్దు. కానుక సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట, గుడిలో ఫ్యాను రెక్క మీద, బల్ల వీపు మీద ఇచ్చినవాళ్ళ పేర్లు చూస్తుంటాం, కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న వాక్యం ఆ ఫ్యాను కిందే కూర్చుని వింటాం. ఈసారి ఏదైనా ఇచ్చేటప్పుడు పేరు రాయొద్దని కోశాధికారికి ముందే చెప్పేయండి.

ఉదయం సంగతి పెద్దగా చెప్పేది లేదు. ఫోన్ కంటే ముందు బైబిలు పట్టుకోండి, పావుగంట చాలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మార్కు సువార్త, 16 అధ్యాయాలే, రోజుకొకటి చదివినా పదహారు రోజుల్లో అయిపోతుంది. తర్వాత సామెతలు, 31 అధ్యాయాలు, తారీఖు చూసుకుని ఆ అధ్యాయం చదివేయొచ్చు, ఎక్కడ ఆపామా అని వెతుక్కునే పని ఉండదు. పిల్లలుంటే కుటుంబ ప్రార్థన పది నిమిషాలు దాటనివ్వకండి. నాన్నగారు గంట ప్రార్థన చేస్తుంటే మోకాళ్ళ మీదే నిద్రపోయిన పిల్లలు పెద్దయ్యాక ఆ నిద్రే గుర్తుపెట్టుకుంటారు.

ద్వితీయోపదేశకాండం 6లో పూర్ణహృదయంతో ప్రేమించమన్న వెంటనే, ఇంట్లో కూర్చున్నప్పుడూ దారిలో నడిచేటప్పుడూ ఆ మాటలే మాట్లాడుకోమని ఉంది. దారి అంటే గుంటూరు నుంచి బెజవాడకి రోజూ బస్సులో తిరిగేవాళ్ళకి గంట ప్రయాణం. దాన్ని వాడుకునే పద్ధతి ఒకటుంది. పెదకాకాని దగ్గర ఇంట్లోవాళ్ళ కోసం, నాగార్జున యూనివర్సిటీ దగ్గర చదువుకునే పిల్లల కోసం, కాజ టోల్‌గేట్ దగ్గర అప్పుల్లో ఉన్నవాళ్ళ కోసం, మంగళగిరి రాగానే ఆఫీసులో మీకు అస్సలు పడని ఆ ఒక్క మనిషి కోసం, వారధి ఎక్కాక ఆ రోజు పని కోసం. ఎవరి ఊళ్ళు వాళ్ళు మార్చుకోవచ్చు. కళ్ళు మూసుకోనక్కర్లేదు, మూసుకుంటే నిద్రొస్తుంది, లేస్తే బస్టాండు. బండి మీద వెళ్ళేవాళ్ళు ప్రార్థన సంగతి అటుంచి ముందు సిగ్నల్ దగ్గర ఆగండి, ముఖ్యంగా నంబర్ ప్లేటు పైన "యెహోవా నా కాపరి" అని రాయించుకున్నవాళ్ళు. బెంజి సర్కిల్‌లో వెనకున్నవాడు చదివేది అదొక్కటే.

ఇక గొడవలు. బలిపీఠం దగ్గర కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు చెప్పాడు. ప్రభు రాత్రి భోజనం తీసుకునే ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం దీనికి కేటాయించండి. ఫోన్ కంటే ఇంటికెళ్ళడం మేలు. వెళ్ళాక క్లుప్తంగా మాట్లాడండి: "ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది వదినా, మనసులో పెట్టుకోకండి." అంతే. "మీరూ అన్నారనుకోండి" అని మాత్రం తగిలించకండి, ఆ ఒక్క ముక్కతో మళ్ళీ మొదటికొస్తుంది. పెద్దవాళ్ళ దగ్గరికి చిన్నవాళ్ళే వెళ్ళాలన్న పట్టింపు కూడా వాక్యంలో ఎక్కడా లేదు, కాబట్టి మేనమామ అయినా సరే మేనల్లుడి గుమ్మం తొక్కొచ్చు. వాట్సాప్ స్టేటస్‌లో పగ గురించో కపటం గురించో వాక్యం పెట్టి, చూడాల్సినవాళ్ళు చూశారో లేదో గంటగంటకీ చెక్ చేసుకోవడం సమాధానపడటం కాదు, అది వాక్యంతో పొడవటం.

ఇరుగుపొరుగు దగ్గర మనవాళ్ళకి ఎక్కువ టెన్షన్ పెట్టేది ప్రసాదం. వినాయక చవితికి పక్కింటి అత్తయ్యగారు ఉండ్రాళ్ళు పట్టుకొస్తారు, ఏం చేయాలి? పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాల్లో దీని గురించే రాశాడు, రోమా 14తో కలిపి చదివి మీ మనస్సాక్షిని బట్టి నిర్ణయించుకోండి. తినకూడదనిపిస్తే నవ్వుతూ "ప్రసాదం మేం తీసుకోమండీ, ఏమనుకోవద్దు, రండి కాఫీ తాగుదురుగాని" అని కూర్చోబెట్టండి. తీసుకుని తలుపేశాక చెత్తబుట్టలో వేయడం మాత్రం నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపిస్తుంది. ఆవిడ తెల్లారుజామున లేచి చేసింది. మీరు క్రిస్మస్‌కి ఇచ్చే కేకు ఆవిడ తీసుకోకపోయినా మొహం అలాగే ఉంచుకోండి. ఇంకోటి, మైకులు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్న రూలు అందరికీ ఉంది, రాత్రంతా జరిగే ప్రార్థనలకి మినహాయింపు లేదు. పక్క వీధిలో పరీక్షలకి చదివే పిల్లవాడు ఆ మైకు వల్ల ప్రభువు దగ్గరికి రాడు.

జబ్బు చేసినప్పుడు ప్రార్థన చేయించుకోండి, మాత్రలు ఆపకండి. స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పడం కోసం బీపీ మాత్రలూ షుగర్ మాత్రలూ మానేసినవాళ్ళ కథలు ఎక్కువగా ఐసీయూలోనే తేలతాయి. జబ్బుపడిన హిజ్కియా రాజుని బాగుచేస్తానని దేవుడు చెప్పాక కూడా యెషయా ప్రవక్త పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు, 2 రాజులు 20 చూడండి. మన ఊళ్ళోనే కుగ్లర్ ఆసుపత్రి ఉంది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో ఇక్కడికి వచ్చినప్పుడు మిషన్ ఆమెని డాక్టరుగా పంపలేదు, ఆడవాళ్ళ మధ్య పనికీ బడి పనికీ పంపింది. అయినా ఆమె వైద్యం మానలేదు, చివరికి ఆసుపత్రి కట్టించింది. ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమకాలం నలభై రోజులు ఉపవాసం ఉండేవాళ్ళూ డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి, మార్చి, ఏప్రిల్ నెలల్లో గుంటూరు ఎండలు తెలిసినవే. ఒక పూట మానేస్తే ఆ పూట ఖర్చు లెక్కగట్టి ఆకలితో ఉన్నవాళ్ళకి చేర్చండి, యెషయా 58లో ఉపవాసమంటే అదే.

పెళ్ళిళ్ళ దగ్గరికొస్తే పెద్ద పెద్ద భక్తిపరులే జారతారు. క్రీస్తులో యూదుడనీ గ్రీసువాడనీ తేడా లేదు, అందరూ ఒక్కటే అన్న గలతీయులకు 3:28 మీద వాక్యం చెప్పినాయన సంబంధం చూసేటప్పుడు రెండో ప్రశ్నగా కులం అడుగుతాడు, మొదటిది ఉద్యోగం. కట్నం 1961 నుంచి చట్టప్రకారం నేరం, అయినా "దేవుడు కుదిర్చిన సంబంధం" అని ప్రార్థన చేసి మరీ ముట్టజెప్పుకుంటాం. కొడుకున్నవాళ్ళు సంబంధాలు చూడటం మొదలుపెట్టకముందే మాట బయటపెట్టాలి, మధ్యవర్తులు దిగాక మన చేతిలో ఉండదు. ఎలా చెప్తున్నామన్నది కూడా ముఖ్యం. "మాకేం వద్దండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం" అంటే పిల్ల తండ్రికి అర్థమయ్యేది ఇంకా ఎక్కువ పెట్టమని. "డబ్బు, బంగారం, బండి, స్థలం ఏవీ తీసుకోం, పెళ్ళి ఖర్చు చెరిసగం" అని విడమర్చి చెప్పండి, ఇంట్లో అమ్మమ్మలూ మేనత్తలూ వింటుండగా చెప్పండి, తర్వాత వాళ్ళు వెనకనుంచి లిస్టు పంపకుండా ఉంటారు. కులం విషయంలో ఇంత సులువైన పద్ధతి నాకు దొరకలేదు, కాకపోతే బయోడేటాలో ఆ గడి తీసేయడం మీ చేతిలో పనే.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే రెండు వారాలకే అలసిపోతారు. ఒకటి పట్టుకోండి, అది కుదిరాక ఇంకోటి. అడిగే మనిషిని ఒకర్ని పెట్టుకోండి, నెలకోసారి బ్రాడీపేటలోనో బీసెంట్ రోడ్డులోనో టీ తాగుతూ "ఆ బాకీ ఎంతవరకు వచ్చింది, ఆయనతో మాట్లాడావా" అని మొహం మీదే అడగగలిగే మనిషిని. మీ పాస్టరుగారైతే మీరు సగమే చెప్తారు, చుట్టమైతే ఊరంతా చెప్తాడు. సంఘంలో మీకంటే వయసులో పెద్దయి, మీకు అప్పు ఇవ్వనివాళ్ళూ మీ దగ్గర అప్పు తీసుకోనివాళ్ళూ ఎవరున్నారో చూడండి.