డెబియన్ 11 నుంచి 12కి: ఒక్క లైబ్రరీ దగ్గర ఆగిన అప్‌గ్రేడ్

లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో బుల్స్‌ఐ (11) నుంచి బుక్‌వార్మ్ (12)కి మారుతుంటే, సిస్టమ్ మొత్తాన్ని కొత్త వెర్షన్‌కి తెచ్చే ఫుల్-అప్‌గ్రేడ్ కమాండ్ మధ్యలో ఆగిపోయింది. లిబ్‌పీసీఆర్‌ఈ2-డెవ్ అనే ప్యాకేజీకి పీసీఆర్‌ఈ2 (టెక్స్ట్‌లో నమూనాలు వెతికే లైబ్రరీ) 10.42-1 వెర్షన్ కావాలట, కానీ సిస్టమ్‌లో ఉన్నది వేరే వెర్షన్. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్ ఆప్ట్‌లోని ఫిక్స్-బ్రోకెన్, క్లీన్, దాని బదులు వాడే ఆప్టిట్యూడ్ అన్నీ అయ్యాయి, ఫలితం సున్నా.

దారి చూపింది, ఏ వెర్షన్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఆప్ట్ పాలసీ కమాండ్. ఆ లైబ్రరీ పేరిచ్చి చూస్తే, మూడు నక్షత్రాల (***) గుర్తున్న, అంటే సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ అయి ఉన్న వెర్షన్‌లో 10.42-1 తర్వాత ఇంకో ప్లస్, పొడవాటి తోక ఉన్నాయి. ఎప్పుడో పీహెచ్‌పీ కోసం చేర్చుకున్న బయటి రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే సర్వర్) నుంచి వచ్చిందది. ఆ తోక వల్ల డెబియన్ వెర్షన్ కన్నా అదే కొత్తదని ఆప్ట్ లెక్క. మనం అడగనిదే అది పాత వెర్షన్‌కి దిగదు.

ముందు బ్యాకప్ తీసుకున్నాను. రిపాజిటరీల వివరాలుండే సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్ నుంచి ఆ రిపాజిటరీ ఫైల్‌ని బయటికి జరిపి ఆప్ట్ అప్‌డేట్ చేశాను. తర్వాత పీసీఆర్‌ఈ2 కుటుంబంలోని 8, 16, 32, పోసిక్స్, డెవ్ ప్యాకేజీలన్నిటికీ పక్కన =10.42-1 అని రాసి, ఒకే ఇన్‌స్టాల్ కమాండ్‌లో ఇచ్చాను. ఒక్కొక్కటిగా ఇస్తే మిగతావి అడ్డుపడతాయి. మొదట మైనస్ ఎస్‌తో ఉత్తుత్తి రన్ చేసి, తీసేసే ప్యాకేజీల జాబితా ఖాళీగా ఉందని చూసుకున్నాకే అసలు రన్. దయచేసి ఈ లైబ్రరీని బలవంతంగా తీసేయకండి, లిబ్‌సెలైనక్స్ అనే మరో లైబ్రరీ దీనిమీదే ఆధారపడుతుంది, ప్యాకేజీలను నిజంగా ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీకి అది కావాలి.

మళ్లీ ఫుల్-అప్‌గ్రేడ్ ఇస్తే చివరిదాకా వెళ్లింది.

ఇది నా ఒక్క సర్వర్ అనుభవం. మీ దగ్గర ఇరుక్కున్నది వేరే లైబ్రరీ కావచ్చు, వెర్షన్ మారకుండా హోల్డ్‌లో పెట్టిన ప్యాకేజీ కూడా కావచ్చు. పాలసీలో బయటి వెర్షన్ కనబడితేనే ఈ దారి పట్టండి.