ఫైబర్‌గ్లాస్ హుడ్ మూత పడింది కదా అని రోడ్డెక్కకండి

ఎండలు మొదలవగానే అమెరికాలో గ్యారేజీల్లో చలికాలమంతా పడున్న ప్రాజెక్టు కార్లు (సొంతంగా బాగుచేసుకుంటున్న పాత కార్లు) బయటికొస్తాయి. వాటి వెనకే, హైవే మీద హుడ్ (బానెట్) లేచి విండ్‌షీల్డ్‌ మీద విరుచుకుపడే వీడియోలూ వస్తాయి. ఈ జాగ్రత్తలు స్టీల్ హుడ్, బాడీ ప్యానెళ్లు తీసి ఫైబర్‌గ్లాస్‌వి బిగించేవాళ్ల కోసం, 1967–69 షెవ్రొలే కమారో కారును దృష్టిలో పెట్టుకుని రాసినవి. నోవా, మస్టాంగ్ కార్ల వాళ్లకూ చాలావరకు పనికొస్తాయి. గ్లవ్స్ వేసుకోండి, బ్యాటరీ తీసేయండి లాంటివి ఇక్కడ రాయడం లేదు.

అసలు తప్పు

స్టీల్ హుడ్‌కున్న పాత హింజ్ స్ప్రింగులనూ, పాత లాచ్‌నూ (గడియనూ) అలాగే ఉంచి ఫైబర్‌గ్లాస్ హుడ్ బిగించడం. కార్లను పాడుచేసేది ఎక్కువగా ఇదే.

ఆ స్ప్రింగులు బరువైన స్టీల్ హుడ్‌ను ఎత్తి నిలబెట్టడానికి చేసినవి. తేలికైన హుడ్ పెట్టినా వాటి బలం తగ్గదు. మీరు ముందు అంచు పట్టుకుని కిందికి నొక్కుతుంటే, వెనక అంచును స్ప్రింగులు పైకి తోస్తుంటాయి. హుడ్ హింజ్‌లకు కాస్త ముందు అడ్డంగా వంగుతుంది. మొదట పెయింట్ మీద వెంట్రుకంత గీత కనబడుతుంది, తర్వాత లోపలి పొర విడిపోతుంది. మూసినంత మాత్రాన స్ప్రింగులు ఊరుకోవు, వెనక అంచును ఎత్తుతూనే ఉంటాయి.

ముందు వైపు బరువంతా ఒక్క లాచ్ మీదే. దాని బోల్టుల వెనక లోహపు ప్లేటు లేకపోతే అవి ఫైబర్‌లోంచి ఊడొస్తాయి. గంటకు 50 మైళ్ల దగ్గర ఎదురుగాలి ఒత్తిడి చదరపు అడుగుకు సుమారు 6 పౌండ్లు, 100 మైళ్ల దగ్గర సుమారు 25. హుడ్ మీద అంతా ఒకేలా పడదు కానీ, వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుందన్నది మాత్రం ఖాయం. కాలనీలో నాలుగు రౌండ్లు తిప్పి ‘బాగానే ఉంది’ అనుకోవడం అందుకే పరీక్ష కిందికి రాదు.

కాబట్టి స్ప్రింగులు తీసేయండి. హింజ్‌లు ఉంచుకుంటే కర్ర ఆనించి నిలబెట్టుకోండి, లేదా తేలిక హుడ్ కోసమే అమ్మే గ్యాస్ స్ట్రట్లు (గ్యాస్ నింపిన ఆనుగొట్టాలు) పెట్టండి. హింజ్‌లు ఉంటే ముందు వైపు రెండు పిన్నులు (హుడ్ రంధ్రంలోంచి పైకొచ్చే కడ్డీలు, వాటికి పైన క్లిప్పు పెడతారు). పూర్తిగా ఎత్తి పక్కన పెట్టే హుడ్ అయితే నాలుగు మూలలా నాలుగు పిన్నులు, అంతకు తగ్గొద్దు.

పిన్నులు ఎలా

పిన్ను రేడియేటర్ సపోర్ట్‌కు (రేడియేటర్‌ను పట్టి ఉంచే ముందు చట్రానికి) నిటారుగా నిలబడాలి, పైనా కిందా నట్లు బిగించాలి. రంధ్రం ఎక్కడన్నది టేపు కొలతతో తేల్చకండి. పిన్ను కొనకు రంగు పూసి, హుడ్‌ను మెల్లగా దించితే అచ్చు అదే పడుతుంది. అక్కడ ముందు 1/8 అంగుళం రంధ్రం, తర్వాత స్టెప్ డ్రిల్ (మెట్లు మెట్లుగా వెడల్పయ్యే డ్రిల్ బిట్). పైన మాస్కింగ్ టేపు అతికించి, మొదట డ్రిల్‌ను వెనక్కి తిప్పితే జెల్‌కోట్ (ఫైబర్ పైపూత) పెచ్చులూడదు. రెండు పొరల హుడ్ అయితే పొరల మధ్య బోలుగా ఉంటుంది. అక్కడ అల్యూమినియం గొట్టం ముక్క గానీ, తరిగిన గ్లాస్ పీచు కలిపిన ఎపాక్సీ గానీ నింపండి. లేకపోతే బిగించే కొద్దీ నలుగుతుంది.

అమరిక

ముందు డోర్లను క్వార్టర్ ప్యానెల్‌తో (డోరు వెనకుండే పక్క రేకుతో) సరిచేయండి. తర్వాత డోర్లకు ఫెండర్లు (ముందు చక్రాల మీది పక్క రేకులు), ఆ తర్వాత హుడ్, చివర హెడర్ ప్యానెల్ (హుడ్‌కు ముందుండే అడ్డ పట్టీ). ఈ వరస తిరగేస్తే సందులు జన్మలో కలవవు. సందు 3/16 అంగుళం ఉంటే చాలు, అంతకంటే సన్నం చేస్తే అంచులు రాసుకుంటాయి. కలవని చోట బోల్టుతో లాగకండి, షిమ్ (సందు నింపే పలుచని రేకు ముక్క) వేయండి. లాగి బిగించిన ప్యానెల్ ఆ పూట బాగానే ఉంటుంది, పెయింట్ అయ్యాక సాలెగూడులా పగుళ్లు పెడుతుంది. స్టీల్ ఫెండర్లు, లోపలి ఫెండర్లు రేడియేటర్ సపోర్ట్‌ను నిలబెట్టే భాగాలు కూడా. అవి తీసేస్తే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) నుంచి సపోర్ట్‌కు గొట్టాలు వేయక తప్పదు.

ఇక మిగతావి:

బోల్టు రంధ్రం 1/16 అంగుళం వదులుగా ఉండాలి, వెడల్పు వాషర్లు వేయాలి.

ఫైబర్ కరెంటును మోయదు. హెడ్‌లైట్లు, సిగ్నల్ లైట్లు, హారన్‌లకు ఛాసిస్ దాకా విడిగా ఎర్త్ వైర్లు లాగండి. లైట్లు మసగ్గా వెలుగుతున్నాయని ఆల్టర్నేటర్ మార్చేవాళ్లున్నారు.

సాండింగ్‌కు ముందే వ్యాక్స్ రిమూవర్‌తో తుడవండి. అచ్చులో పూసిన మైనం గీతల్లోకి దిగితే ఏ ప్రైమరూ పట్టదు.

పెయింట్‌కు తొందరపడొద్దు. ప్యానెళ్లు కారుకు బిగించే కొన్ని వారాలు ఎండనివ్వండి. రెజిన్ (పీచును పట్టి ఉంచే జిగురు) కుదించుకుంటే పీచు అల్లిక పెయింట్‌లోంచి కనబడుతుంది.

పాత ఫైబర్ మీద అతుకు వేయాలంటే ఎపాక్సీ.

పాలిస్టర్ రెజిన్‌కు హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) 1–2 శాతం. ఎక్కువ పోస్తే బలం పెరగదు, వేడెక్కి పగులుతుంది.

హార్డెనర్‌నూ కోబాల్ట్ ప్రమోటర్‌నూ (రెజిన్ త్వరగా గట్టిపడేందుకు కలిపే రసాయనాన్నీ) నేరుగా కలపొద్దు. పేలుతుంది.

హార్డెనర్ కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే నీళ్లతో కడగడం మొదలుపెట్టి, ఆపకుండా కడుగుతూ ఆసుపత్రికి.

మిగిలిన రెజిన్‌ను కప్పులో అలాగే చెత్తబుట్టలో పడేయొద్దు. లోపల వేడెక్కి అంటుకుంటుంది.

దుమ్ముకు మాస్కు వేరు, రెజిన్ ఆవిరికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ వేరు. గుడ్డ కట్టుకుంటే రెండింటికీ దండగే.

ఎయిర్ క్లీనర్ మీద మట్టి ముద్ద పెట్టి హుడ్ మూసి చూడండి. నలిగిన ముద్ద మందం ఒక అంగుళమైనా మిగలాలి, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ పక్కకు ఒరుగుతుంది.

హెడర్ గొట్టాల (ఇంజిన్ నుంచి వచ్చే ఎగ్జాస్ట్ గొట్టాల) పక్కనున్న ఫైబర్‌కు హీట్ షీల్డ్.

స్ప్రింగులు తీశారా? మళ్లీ చూడండి.

పిన్ను క్లిప్పులకు తాడు కట్టండి. ప్రతిసారీ చేత్తో లాగి చూడండి. పెట్రోల్ బంకులో హుడ్ ఎత్తితే, బయల్దేరే ముందు మళ్లీ.

పిన్నులు ఇంకా పార్సిల్లో వస్తుంటే, కారు గ్యారేజీలోనే ఉండాలి.