బ్లాకౌట్ రాత్రికి ముందే ఇంట్ల చూసుకోవాల్సినవి

బ్లాకౌట్ అంటే యుద్ధమప్పుడు శత్రువు విమానాలకు ఊరు కనవడకుంట లైట్లన్నీ ఆర్పేసుడు. సైరన్ మోగినంక ఉరుకులాడితే ఏం ఫాయిదా లేదు, పొద్దుగూకకముందే ఇవి చూసుకోండ్రి. నల్లగొండ దాకా ఏమొస్తదిలే అనుకోకుండ్రి, 2025 మే 7న హైదరాబాద్‌ల గోల్కొండ, కంచన్‌బాగ్ దిక్కు సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేసిన్రు కదా.

– సైరన్ ఎక్కుత దిగుత మోగితే డేంజర్, ఒక్క తీరుగ మోగితే అయిపోయినట్టు. పిల్లలకు గూడ చెప్పాలె.

– అసలు తిప్పలంతా ఇన్వర్టర్‌తోనే, మెయిన్ బంద్ జేస్తరు గానీ అది లైట్లను వెలిగిస్తనే ఉంటది, అందుకే ఒక్కో స్విచ్ ఆఫ్ చెయ్యాలె. గేటు కాడి సోలార్ లైటు చీకటైతే దానంతటదే వెలుగుతది, బకీటు బోర్లేస్తే అయిపాయె. బాత్రూం వెంటిలేటర్ ఎవ్వలకూ యాదికుండదు, అట్టముక్క పెట్టుండ్రి.

– బోరు మోటరేసి ట్యాంకు నింపుకోండ్రి, ఫోన్లు ఛార్జింగ్, టార్చి, ముసలోళ్ల బీపీ గోలీలు ఒక్కకాడ. సిలిండర్ రెగ్యులేటర్ బంద్.

– నార్కట్‌పల్లి హైవే మీద ఆర్మీ బండ్లు కనవడ్డయని వీడియో తీసి స్టేటస్ పెట్టుడు మాత్రం వద్దే వద్దు. ఆపదైతే 112కు కొట్టుండ్రి.