బ్రేక్ ఆయిల్ డబ్బా మూత స్క్రూ తల అరిగిపోతే ఎలా విప్పాలి?

ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ ఉన్న బైకుకి హ్యాండిల్ మీద చిన్న బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంటుంది. చాలా బైకుల్లో దాని మూతకి రెండు స్టార్ స్క్రూలే. డబ్బా అల్యూమినియం, స్క్రూ ఇనుము. నాలుగు వానాకాలాలు తడిశాక రెండూ పట్టేసుకుంటాయి. స్క్రూడ్రైవర్ ఒక్కసారి జారిందా, ఆగిపోండి. ఇంకో రెండు సార్లు జారితే గాడి గుండ్రమైపోతుంది.

ముందు డ్రైవర్ మొన చూడండి. జపాన్ డిజైన్ బైకులకు తరచూ జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం స్క్రూలొస్తాయి. చాలావాటి తల మీద చిన్న చుక్క గుంట ఉంటుంది. మన దగ్గరుండే మామూలు స్టార్ మొన (ఫిలిప్స్) వాటిలో అడుగుదాకా కూర్చోదు, బలం పెట్టగానే పైకి లేచి జారుతుంది. తప్పు స్క్రూది కాదన్నమాట! జేఐఎస్ డ్రైవర్ కొనుక్కుంటే సగం గొడవ తీరినట్టే.

ట్యాంకు మీద తడిగుడ్డ పరవండి. బ్రేక్ ఆయిల్ పడితే పెయింటు లేచిపోతుంది. పడిన చోట వెంటనే నీళ్లతో కడగాలి. గాడిలో మట్టి సూదితో తీసి, తుప్పు వదిలించే నూనె ఒక్క చుక్క స్క్రూ అంచున వేసి ఒక పూట వదిలేయండి. ఎక్కువ వద్దు, ఆ నూనె లోపలికి దిగితే బ్రేక్ రబ్బర్లు ఉబ్బుతాయి.

తర్వాత డబ్బాను కింద నుంచి ఎవరినైనా పట్టుకోమని, డ్రైవర్ నిటారుగా పెట్టి సుత్తితో మూడు నాలుగు చిన్న దెబ్బలు వేయండి. కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొన రెండు మూడు నిమిషాలు తల మీద ఆనించండి. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది, పట్టు సడలుతుంది. మంట మాత్రం పెట్టకండి, బ్రేక్ ఆయిల్ అంటుకుంటుంది.

ఇప్పుడు మొనకి వాల్వులు నూరే పేస్టు కొంచెం రాసి తిప్పండి. తిప్పే బలం కన్నా నొక్కే బలం ఎక్కువుండాలి. ముందు బిగించే వైపు కాస్త, ఆ తర్వాత విప్పే వైపు.

అప్పటికీ రాకపోతే తలనే తీసేయడం. కళ్లద్దాలు పెట్టుకుని, నడిమధ్య పంచ్ కొట్టి, స్క్రూ కాడ 4 మి.మీ. అయితే అంతకంటే కాస్త పెద్ద బిట్‌తో నెమ్మదిగా తల ఊడేదాకా డ్రిల్ చేయండి. రజను తుడిచాకే మూత ఎత్తండి. బిగువు పోయింది కాబట్టి మిగిలిన కాడ ప్లయర్‌తో తేలిగ్గానే వచ్చేస్తుంది. ఎక్‌స్ట్రాక్టర్ (స్క్రూలో రంధ్రం చేసి, దాంట్లోకి ఎదురు మరగా దింపి లాగే పనిముట్టు) ఇంత సన్న స్క్రూకి నేను వాడను. అది లోపల విరిగితే ఆ ముక్క మామూలు డ్రిల్‌కి లొంగదు.

కొత్త స్క్రూల మరలకు కొద్దిగా గ్రీజు రాసి, మూత కుదురుకునేంత వరకే బిగించండి.