సెల్లార్ పిల్లి కడుపులో పురుగులుంటే ఏం చేయాలి?

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బెల్లం రంగు పిల్లి ఒకటి ఉంది. రంగును బట్టి పేరు కూడా బెల్లమే. ఒకరోజు పొద్దున్నే వాచ్‌మన్ భార్య తలుపు కొట్టి, "అక్కా, గా పిల్లి కక్కింది. అండ్ల సేమ్యా లెక్క ఏందో కదులుతుంది" అంది. దిగి చూస్తే అవి ఏలికపాములు, ఒక్కోటి వేలెడు పొడవు. ఇంట్లో మా వాడి కోసం తెచ్చిన ఆల్బెండజోల్ మాత్ర మిగిలి ఉంది, ఫిబ్రవరి 10న బడుల్లో పిల్లలకు నులిపురుగులకని వేస్తారే, అదే మందు. సగం విరిచి పాలల్లో కలపబోయి, ఎందుకైనా మంచిదని పశువుల డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆయన గట్టిగానే తిట్టారు. ఆ మందు పిల్లుల్లో ఎముక మజ్జను దెబ్బతీసే ప్రమాదం ఉందట.

ఆ తర్వాత కొన్ని నెలలు బెల్లంతో, దాని మూడు పిల్లలతో పడ్డ పాట్లలో ఒకటి అర్థమైంది. మాత్రతో అయ్యేది సగం పనే, మిగతా సగం ఊడ్చి కడగడంలో ఉంది. ఆ రెండో సగం వదిలేస్తే మూడు నెలల్లో కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ముందు ఏ పురుగో చూడండి

వాంతిలోనో మలంలోనో తెల్లగా, గుండ్రంగా, సేమ్యాలా కనిపిస్తే ఏలికపాములు. తోక కింద, లేదా పిల్లి పడుకున్న గోనెసంచి మీద ఎండిన బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే అవి బద్దెపురుగు ముక్కలు. తాజాగా ఉన్నప్పుడు దోసగింజల్లా ఉండి మెల్లగా కదులుతాయి కూడా. ఇవేవీ కనబడకపోయినా మలం నల్లగా తారులా ఉండి, పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు పాలిపోయి ఉంటే కొంకిపురుగులేమో అనుకోవాలి. అవి పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతాయి. చిన్న పిల్లికూనల్లో ఈ లక్షణం కనిపిస్తే రేపు చూద్దాం అనుకోవద్దు. పేగుల్లోంచి రక్తం పోతూ ఉంటే రెండు మూడు వందల గ్రాముల ప్రాణి ఎన్నో రోజులు తట్టుకోలేదు.

చెవిలో కాఫీపొడిలాంటి మురికి ఉంటే చెవి పురుగు, చెవుల అంచులూ మొహమూ బెరడు కట్టినట్టు పొక్కిపోతే గజ్జి. గజ్జిని కలిగించే పురుగు ఎత్తుకున్నవాళ్ళ చేతులకూ ఎక్కి కొన్నాళ్ళు దురద పెడుతుంది. గ్లౌజులు వేసుకోండి.

మలం పట్టుకెళ్ళడం ఎలా

దీనికి సిగ్గుపడొద్దు. మెడికల్ షాపులో మూత్ర పరీక్షకు ఇచ్చే మూతడబ్బా చాలు. పొద్దున వేసిన తాజా మలం, వేరుశనగ కాయంత, మట్టీ ఇసుకా అంటని భాగం ఐస్‌క్రీం పుల్లతో తీయండి. మండు వేసవిలో డబ్బాను కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే అది పరీక్షకు పనికిరాదు. వెంటనే ఇవ్వలేకపోతే కవర్లో చుట్టి ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు వరకు ఉంచొచ్చు, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. (మా ఇంట్లో దీని మీద పెద్ద పంచాయితీయే అయింది. పెరుగు గిన్నె పక్కన పెట్టడం నా తప్పే.)

ల్యాబ్‌లో చేసేది తేలికైన పనే. చిక్కటి ఉప్పు లేదా పంచదార ద్రావణంలో మలాన్ని కలిపితే గుడ్లు పైకి తేలతాయి, వాటిని మైక్రోస్కోపు కింద చూస్తారు. అయితే బద్దెపురుగు గుడ్లు ముక్కల్లోనే ఉండిపోతాయి కాబట్టి ఈ పరీక్షకు చాలాసార్లు చిక్కవు. అందుకే గోనెసంచి మీద చూసిన బియ్యపు గింజల సంగతి డాక్టర్‌కి నోటితో చెప్పాలి. విరేచనాలు ఆగకుండా ఉంటే వరుసగా మూడు రోజుల నమూనాలు ఇవ్వండి. జియార్డియా లాంటి, కంటికి కనబడని పేగు పరాన్నజీవులు రోజూ బయటపడవు.

హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. పిల్లిని ఆటోలో తీసుకెళ్ళాలంటే రెండు ప్లాస్టిక్ కూరగాయల ట్రేలు ఒకదాని మీద ఒకటి బోర్లించి నాలుగు వైపులా తాడుతో కట్టండి. అట్టపెట్టెను నమ్ముకుంటే మధ్యదారిలోనే చింపుకుని దూకేస్తుంది.

తూకం, మాత్ర

మందు బరువును బట్టి ఉంటుంది. మీరు ఒకసారి, పిల్లిని ఎత్తుకుని ఒకసారి బరువు మిషన్ ఎక్కి తేడా తీయండి. పిల్లకూనలకైతే కిచెన్ త్రాసు మీద గిన్నె పెట్టి తూచండి. ఏలికపాములకూ కొంకిపురుగులకూ పైరాంటెల్, బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ ఎక్కువగా రాస్తారు. మోతాదు డాక్టరే చెప్పాలి. కుక్కల కోసం 10 కిలోల లెక్కన చేసిన మాత్రను మూడు కిలోల పిల్లికి కళ్ళతో కొలిచి విరవడం మన పని కాదు.

పట్టనిచ్చే పిల్లి అయితే పసిబిడ్డను పొత్తిళ్ళలో చుట్టినట్టు పాత తువ్వాలులో చుట్టండి, తల ఒక్కటే బయటికి. వెనక నుంచి ఒక చేత్తో తల కాస్త పైకెత్తి, రెండో చేతి మధ్యవేలితో కింది దవడ తెరిచి, మాత్రను నాలుక మీద వీలైనంత వెనక్కి జారవిడవండి. ఆ వెంటనే సూది లేని సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల నీళ్ళు బుగ్గ పక్క నుంచి మెల్లగా పోయండి. ఈ నీళ్ళ సంగతి చాలామంది వదిలేస్తారు. పొడి మాత్ర గొంతు గొట్టంలోనే ఇరుక్కుని పుండు చేయగలదు. ప్రాజిక్వాంటెల్ మహా చేదు. నురగ కక్కితే విషం ఎక్కిందని కంగారు పడకండి, చేదుకు అలా చేస్తుంది.

బెల్లం లాంటి వీధి పిల్లి పట్టుకోనివ్వదు. రాత్రి తిండి పెట్టకుండా, పొద్దున ఉడికించిన చికెన్ లివర్ ముక్కలో మాత్ర దాచి, ముందు ఉత్త ముక్క ఒకటి, తర్వాత మందు ముక్క, ఆ వెంటనే ఇంకో ఉత్త ముక్క పెట్టాలి. నాలుగు పిల్లులుంటే నాలుగు ప్లేట్లు, మధ్య దూరం. ఒకే గిన్నెలో కలిపి పెడితే బలంగా ఉన్నదే అంతా మింగేస్తుంది, సన్నగా ఉన్నదానికి చుక్క కూడా అందదు.

ఒక్కసారితో అయిపోదు. మందు పేగులో ఉన్న పెద్ద పురుగులనే చంపుతుంది, కండరాల్లో తిరుగుతున్న పిల్ల పురుగుల జోలికి పోదు. అందుకే రెండు వారాలకు మళ్ళీ వేయాలి. పిల్లుల ఏలికపాము తల్లిపాల ద్వారా కూడా దిగుతుంది. కాబట్టి ప్రతి పిల్లకూనకూ పురుగులున్నాయనే లెక్కేసుకోండి. మూడో వారం నుంచి రెండు వారాలకోసారి, పాలు మానిన రెండు వారాల దాకా, తర్వాత ఆరు నెలలు వచ్చేవరకు నెలకోసారి వేస్తారు. ఆ రోజుల్లో తల్లికీ వేయాలి.

ఇక మిగతా సగం

బద్దెపురుగు వచ్చేది ఫ్లీల వల్ల, ఎలుకల వల్ల. బొచ్చులో ఎగిరే ఆ ఫ్లీ పిల్లగా ఉన్నప్పుడు బద్దెపురుగు గుడ్డు తింటుంది. పిల్లి ఒళ్ళు నాక్కుంటూ ఆ ఫ్లీని మింగుతుంది. ఫ్లీని వదిలేసి మాత్ర వేస్తే లాభం లేదు. ఫ్లీలున్నాయో లేదో తేల్చుకోవాలంటే పేల దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసులను తడిపిన తెల్లగుడ్డ మీద వేయండి. ఎర్రగా మరక తేలితే అది జీర్ణమైన రక్తం, ఫ్లీ మలం. మందు మాత్రం "పిల్లులకు" అని రాసి ఉన్నదే వాడాలి. కుక్కల చుక్కల మందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లికి ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు. పరుపు, గోనె, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతికి ఎండలో పడేయండి. ఎండకు మన ఊళ్ళో కరువు లేదు.

సెల్లార్ కడిగేవాళ్ళకు ఒక మాట చెప్పండి. ఫినాయిల్ పిల్లులకు విషం. కాళ్ళకు అంటితే నాక్కుంటాయి. పోనీ ఫినాయిల్ పోస్తే పురుగు గుడ్లు చస్తాయా అంటే, ఏలికపాము గుడ్డు దానికి గానీ బ్లీచింగ్‌కు గానీ లొంగదు. మలం ఎత్తేసి మరిగే నీళ్ళు పోయడమే మార్గం.

కొత్త ఇల్లు కడుతున్న చోట రోడ్డు మీద పోసే ఇసుక కుప్ప పిల్లులకు దొరికిన ఉచిత మరుగుదొడ్డి. సాయంత్రం అదే కుప్ప మీద పిల్లలు గుడి కడుతుంటారు. రాత్రిపూట టార్పాలిన్ కప్పమని మేస్త్రీకి చెప్పండి. మా మేస్త్రీ మొదట నవ్వాడు, "పిల్లి ఏరిగిన ఇసుకతో మీ గోడకే ప్లాస్టర్ చేస్తావా" అని పక్కింటాయన అడిగాక కప్పాడు.

చికెన్ సెంటర్ల దగ్గర పారేసే పచ్చి ముక్కలు పెట్టకండి, ఉడికించి పెట్టండి. పచ్చి మాంసంలోనూ ఎలుకల్లోనూ టాక్సోప్లాస్మా అనే, కడుపులో బిడ్డకు హాని చేయగల పరాన్నజీవి ఉండొచ్చు. దీని పేరు వింటేనే గర్భిణులున్న ఇళ్ళల్లో పిల్లిని బయటికి గెంటేస్తారు. అంత అవసరం లేదు. పిల్లి సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలే ఈ పరాన్నజీవిని మలంలో వదులుతుంది. అది ఇంకొకరికి అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. పిల్లి మలానికి పెట్టిన ట్రేను రోజూ ఎత్తేస్తే ఆ గడువే దానికి దొరకదు. గర్భిణి బదులు ఇంకొకరు ఎత్తాలి, ఎవరూ లేకపోతే గ్లౌజులు వేసుకుని ఎత్తి చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సరిగా ఉడకని మటన్, కడగని కొత్తిమీరల గురించి కూడా అంతే జాగ్రత్తగా ఉండాలి.

రెండో మోతాదు వేశాక రెండు మూడు వారాలు ఆగి మళ్ళీ ఒక డబ్బా నమూనా ఇవ్వండి. బెల్లానికి ఆ రిపోర్టులో గుడ్లు లేవని వచ్చింది. దాని చిన్న పిల్లకు ఇంకా ఉన్నాయి. వచ్చే ఆదివారం మళ్ళీ లివర్ తేవాలి.