క్రిల్‌తో సముద్రం అడుగున – 3వ పాఠం: గుల్ల పగిలితే పగలనివ్వండి

పోయిన పాఠంలో ఇచ్చిన ఇంటిపని గుర్తుందా? ‘అనదర్ క్రాబ్స్ ట్రెజర్’ వీడియో గేమ్‌లో స్లాక్‌టైడ్ అనే చోట ఒంటరిగా తిరిగే కాపలాదారు ఒకణ్ణి చూసుకుని, ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా పదిసార్లు తప్పించుకోమన్నాను. చేసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. మొదటి మూడు నాలుగు సార్లు మనం తప్పించుకున్నది దెబ్బను కాదు, ఆయుధం పైకి లేవడాన్ని. వాడు చెయ్యి ఎత్తగానే కంగారుపడి పొర్లేశాం. మనం పొర్లి లేచేదాకా వాడు ఆగి, తీరిగ్గా కొట్టాడు.

క్రికెట్ ఆడినవాళ్లకు ఇది పాత బాధే. ఫాస్ట్ బౌలర్ అదే పరుగు పరిగెత్తి, అదే చెయ్యి తిప్పి, స్లోయర్ బాల్ వేస్తాడు. బంతి రాకముందే బ్యాటు ఊపేసి క్యాచ్ ఇచ్చేస్తాం. అక్కడ చూడాల్సింది బౌలర్ చెయ్యిని కాదు, బంతిని. ఇక్కడ చూడాల్సింది ఆయుధం లేచేటప్పుడు కాదు, కిందికి కదలడం మొదలైనప్పుడు. ఈ ఒక్క తేడా ఇంకా చేతికి అలవాటు కాకపోతే మరో రెండు రోజులు పాత ఇంటిపనే చేయండి. పాఠం ఎక్కడికీ పోదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. మనం నేర్చుకుంటున్నది ‘అనదర్ క్రాబ్స్ ట్రెజర్’. సియాటిల్‌కు చెందిన ఆగ్రో క్రాబ్ అనే చిన్న స్టూడియో 2024 ఏప్రిల్ 25న విడుదల చేసింది. 2009లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్ అనే ఆటలు మొదలుపెట్టిన పద్ధతిలోదే: చచ్చి, లేచి, మళ్లీ వెళ్లి నేర్చుకునే ఆట. మన హీరో క్రిల్ ఒక హెర్మిట్ పీత. (మా వైపు ఎండ్రకాయ అనాలి గానీ, ఎక్కువమందికి అర్థమవ్వాలని పీతే అంటున్నాను.) అక్కడ ఏలే డచెస్‌గారికి పన్ను కట్టలేదని అతని గుల్లను జప్తు చేసి పట్టుకుపోతారు. పట్టుకుపోయేది ఎవరనుకున్నారు? అన్యాయపు వడ్డీలు గుంజేవాణ్ణి ఇంగ్లీషులో లోన్ షార్క్ అంటారు కదా, ఇక్కడ వచ్చేది నిజంగానే సొరచేప.

ఇక ఈరోజు పాఠం. గుల్ల.

హెర్మిట్ పీతకు వెనక భాగం మెత్తగా ఉంటుంది. మిగతా పీతల్లా దానికి ఒళ్లంతా గట్టి డిప్ప లేదు. అందుకే చచ్చిపోయిన నత్తల ఖాళీ గుల్లల్లో దూరి బతుకుతుంది. ఒళ్లు పెరిగితే ఇల్లు మారుస్తుంది. సముద్రంలో చెత్త పెరిగాక దొరికినదాంట్లో దూరడం కూడా నేర్చుకుంది. నేలమీద తిరిగే హెర్మిట్ పీతలు 16 జాతులుంటే, వాటిలో 10 జాతులవి ప్లాస్టిక్ మూతల్లాంటి మనుషుల చెత్తనే గుల్లగా వేసుకుంటున్నాయని 2024లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. జనం ఇంటర్నెట్‌లో పెట్టిన ఫొటోలు వెతికే ఆ లెక్క తేల్చారు. కాబట్టి క్రిల్ కూల్‌డ్రింక్ డబ్బా నెత్తిన పెట్టుకుని తిరగడం నవ్వు తెప్పించినా, పూర్తిగా కల్పన కాదు.

ఆటలో ప్రతి గుల్లకూ మూడు విషయాలు చూడాలి. ఒకటి, ఎన్ని దెబ్బలకు ఓరుస్తుంది. రెండు, ఎంత బరువు. మూడు, దాంతో వచ్చే ప్రత్యేక శక్తి ఏమిటి. బరువైనది వేసుకుంటే దెబ్బలకు ఓరుస్తుంది గానీ పొర్లడం బద్ధకంగా ఉంటుంది. తేలికైనది గట్టిగా నాలుగు తగిలితే పగిలిపోతుంది, కానీ ఒళ్లు చురుగ్గా కదులుతుంది. ఏది మంచిది అని అడిగేవాళ్లకు నా జవాబు: ఇప్పటికి తేలికవే. పోయిన పాఠంలో నేర్చుకున్న తప్పించుకోవడం బరువు గుల్లలో సగం మర్చిపోతారు. చెయ్యి కుదిరాక మీ ఇష్టం.

ప్రత్యేక శక్తికి ఉమామి ఖర్చవుతుంది. ఉమామి అంటే రుచి పేరు. 1908లో జపాన్‌లో కికునె ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు పులుసులో గ్లుటమేట్‌ను పట్టుకుని, ఆ రుచికి పెట్టిన పేరది. ఆ శక్తుల బలాన్ని పెంచే అంకెకు ఈ ఆటలో ఎంఎస్‌జీ అని పేరు పెట్టారు. మన నూడుల్స్ బండి దగ్గర అజినమోటో అంటామే, అదే. లెవెల్ పెంచుకునేటప్పుడు దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ప్రాణం, తర్వాత దెబ్బ బలం. మసాలా చివర్న.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తున్నాను. మంచి గుల్ల దొరకగానే కొత్తవాళ్లు దాన్ని బీరువాలో పట్టుచీర దాచినట్టు దాచుకుంటారు. పగులుతుందేమోనన్న భయంతో బ్లాక్ చేయరు (అంటే గుల్లలోకి దూరి దెబ్బ కాచుకోరు), వెనక్కి వెనక్కి పోతారు, మూలకు చేరి చస్తారు. నేనూ అదే చేశాను. కోట కాపలాదారుల నాయకుడు నెఫ్రో చేతిలో నేను పదిహేడు సార్లు పోయాను. అందులో పది పన్నెండు సార్లు, చచ్చేటప్పటికి నా గుల్ల నిగనిగలాడుతూ ఉంది. పైన ఏ గీతా పడని గుల్ల, లోపల పీత లేదు!

గుల్ల మీ చిల్లర డబ్బు. ఖర్చుపెట్టడానికే ఉంది. దెబ్బ తప్పించుకోగలమని నమ్మకం ఉంటే పొర్లండి. నమ్మకం లేకపోతే వెంటనే గుల్లలోకి దూరండి. పగిలిపోతే పక్కనే ఉన్న ఇంకోటి వేసుకోండి. సముద్రం అడుగున చెత్తకు కొదవా? అందుకే బాస్ (నెఫ్రో లాంటి పెద్ద శత్రువు) ఉన్న చోటికి అడుగుపెట్టగానే మీ కళ్లు బాస్ మీద కాదు, అంచుల మీద తిరగాలి. ఏ మూల ఏ గుల్ల పడి ఉందో చూసుకోండి. పోరాటం మధ్యలో వెతుక్కునే టైమ్ దొరకదు.

అన్నిటికీ గుల్ల పనికిరాదని కూడా తెలుసుకోవాలి. శత్రువు కొట్టడానికి కాకుండా పట్టుకోవడానికి వస్తే, మీరు గుల్లతో సహా దొరికిపోతారు. ఇసుక మైదానంలో పాగురస్ అనే రాకాసి హెర్మిట్ పీత తిరుగుతుంటుంది. దాని గోళ్లకు చిక్కితే అంతే సంగతులు. దాన్ని చంపకపోయినా కథ ముందుకు సాగుతుంది. కాబట్టి ఈ పాఠం చదువుతున్నవాళ్లు అది కనిపిస్తే పరిగెత్తండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఆ ఊరి పీతలందరూ చేసేది అదే.

బ్లాక్ కుదిరాక దాని పైమెట్టు ప్యారీ, అంటే వచ్చే దెబ్బను సరైన క్షణంలో తిప్పికొట్టడం. ఇది మొదట్నుంచీ రాదు, నైపుణ్యాల పట్టికలో తీసుకోవాలి. ఇంకా తీసుకోకపోతే ఈ భాగం ఒకసారి చదివి పక్కన పెట్టండి. చాలా ఆటల్లో ప్యారీ అంటే దెబ్బ తగిలే క్షణానికి బటన్ నొక్కడం. ఇక్కడ తిరగేసి ఉంటుంది. ముందే బ్లాక్ పట్టుకుని గుల్లలో కూర్చోవాలి, దెబ్బ పడబోయే క్షణాన బటన్ వదలాలి. వేరే ఆటలు ఆడి వచ్చినవాళ్లకే ఇది ఎక్కువ కష్టం. ఏమీ ఆడనివాళ్లు తొందరగా పట్టేస్తారు. చిన్నప్పుడు ఉండేలుతో మామిడికాయలు కొట్టినవాళ్లకు ఇంకా సులువు. రబ్బరు ఎవరైనా లాగుతారు, గురి అంతా వదలడంలో ఉంటుంది.

దీన్ని ఇలా సాధన చేయండి. ఒక్కడే ఉన్న శత్రువు ముందు బ్లాక్ పట్టుకుని నిలబడండి. మొదటి ఐదు దెబ్బలు గుల్లమీదే పడనివ్వండి, ఏమీ చేయకండి, చప్పుడు మాత్రం వినండి. ప్రతి శత్రువు కొట్టుడికీ ఒక లయ ఉంటుంది. నోటితో తాళం వేయండి: త, క, ధి, మి. మూడు దెబ్బల వరస అనుకుందాం. మొదటి రెండూ ‘త’, ‘క’ దగ్గర పడతాయి. మూడోది ‘ధి’ దగ్గర పడుతుందనుకుంటాం, వాడు దాన్ని ‘మి’ దాకా లాగుతాడు. ఆ ఖాళీలోనే మనం చచ్చేది. తాళం నోటికి వచ్చాక, మొదటి దెబ్బకు మాత్రమే బటన్ వదిలి చూడండి. మిగతా రెంటికీ పొర్లండి. మూడింటినీ ప్యారీ చేయాలన్న ఆశ ఇప్పుడే వద్దు. పక్కగదిలో ఇంట్లోవాళ్లు మీరు ఒంటరిగా తకధిమి అంటున్నారని కంగారుపడొచ్చు. ముందే చెప్పి ఉంచండి.

కొట్టడం గురించి ఒక్కమాట, వివరం తర్వాతి పాఠాల్లో. శత్రువుకు ప్రాణంతో పాటు నిలకడ కూడా ఉంటుంది. బటన్ పట్టుకుని ఉంచి కొట్టే బరువు దెబ్బలు ఆ నిలకడను తింటాయి. అది పోయిందంటే శత్రువు కాళ్లు పైకి పెట్టి వెల్లకిలా పడతాడు. అప్పుడు ఫోర్కుతో గట్టిగా దిగండి. (అవును, మన కత్తి ఒక తినే ఫోర్కు.) కానీ ఆ బరువు దెబ్బకు సమయం పడుతుంది కాబట్టి, శత్రువు వరస మొత్తం అయిపోయాకే మొదలుపెట్టాలి.

చాలామందిని వేధించే మరో టెన్షన్ మైక్రోప్లాస్టిక్‌ది. ఈ లోకంలో డబ్బు అదే. చస్తే చచ్చిన చోట పడిపోతుంది, మళ్లీ అక్కడికి వెళ్లి తీసుకోవాలి. జేబు నిండా పెట్టుకుని బాస్ దగ్గరికి పోతే మనసంతా జేబు మీదే ఉంటుంది. ముందే మూన్ స్నెయిల్ గుల్ల (ఆట సేవ్ అయ్యే మజిలీ) దగ్గర ఆగి లెవెల్ పెంచుకుని, ఖాళీ చేతులతో వెళ్లండి.

అయినా చెయ్యి తిరగకపోతే సెట్టింగ్స్‌లో సహాయాల భాగం తెరవండి. శత్రువు దెబ్బ తగ్గించుకోవచ్చు, గుల్లను గట్టిపరచుకోవచ్చు, ఆట వేగం తగ్గించుకోవచ్చు. క్రిల్ చేతికి ఏకంగా తుపాకీ ఇచ్చే సదుపాయం కూడా ఉంది. దాంతో బాసులు కూడా పిట్టల్లా రాలిపోతారు. తుపాకీ ఒకసారి సరదాకు కాల్చి పక్కన పెట్టండి, అందులో నేర్చుకునేది ఏమీ లేదు. వేగం తగ్గించడం మాత్రం మంచి గురువు. ప్యారీ సాధన అంతా తగ్గించిన వేగంలో చేసి, తాళం పట్టుబడ్డాక మామూలు వేగానికి రండి. సంగీతం నేర్పేవాళ్లు మొదటి కాలంలో పాడించాకే రెండో కాలానికి వెళ్తారు. దాన్ని మోసం అని ఎవరూ అనలేదు.

ఈ వారం ఇంటిపని. నెఫ్రో దగ్గరికి మూడుసార్లు వెళ్లండి. మొదటిసారి ఫోర్కు ఎత్తకుండా వాడి వరసలు చూసి, చచ్చాక కాగితం మీద రాసుకోండి. రెండోసారి వేసుకున్న గుల్ల కావాలనే పగలగొట్టించుకుని, గదిలో ఉన్న ఇంకో గుల్లలోకి మారండి. అది చేతనైతే చాలు, తర్వాత చచ్చినా ఫరవాలేదు. మూడోసారి మామూలుగా ఆడండి. ప్రతి వరస తర్వాత ఒకటే దెబ్బ కొట్టండి. రెండోది కొట్టాలని చెయ్యి దురద పెడుతుంది. నా పదిహేడులో మిగతా చావులన్నీ ఆ రెండో దెబ్బవే.

వచ్చే పాఠంలో కాసేపు ఫోర్కు దించి, దూకడం నేర్చుకుందాం: గాలిలో, అంటే నీళ్లలో, తేలడం, వలలు పట్టుకుని ఎక్కడం, గాలపు తాడుతో ఊగడం.