హెచ్‌ఆర్‌వీ మరమ్మతు మనమే చేసుకుందాం – 4వ పాఠం: ఫాల్స్ సీలింగ్ నుంచి నీళ్ళు కారుతుంటే

హెచ్‌ఆర్‌వీ అంటే ఇంట్లోని పాత గాలిని బయటికి పంపి, బయటి తాజా గాలిని లోపలికి తెస్తూ, రెంటి మధ్య వేడిని మార్పిడి చేసే యంత్రం. పోయిన పాఠంలో దాని ఫిల్టర్లు, బయటి జాలీ శుభ్రం చేశాం. గాలిని లాగే గ్రిల్ దగ్గర టిష్యూ కాగితం పెడితే ఇప్పుడు గట్టిగా అతుక్కుంటుంది. ఈసారి చెన్నైలో అందరినీ బెంగపెట్టే విషయం, నీళ్ళు.

ముందు అవి ఎక్కడివో తెలియాలి. ఈ యంత్రం చలిదేశాల్లో పుట్టింది. అక్కడ ఇంట్లోంచి బయటికి పోయే వెచ్చని గాలి కోర్‌లో, అంటే రెండు గాలులూ కలవకుండా వేడిని మార్చుకునే భాగంలో, చల్లబడి చెమ్మ పడుతుంది. మన దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. బయట 32 డిగ్రీల ఎండ, 70 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలి 26 డిగ్రీల కిందికి చల్లబడితే చాలు, నీరైపోతుంది. మీ ఏసీ 24లో ఉంటే కోర్‌లోని చల్లని మూలన జరిగేది అదే. అంటే ఇక్కడ నీరు పడేది లోపలికి వచ్చే గాలి వైపు. మీ మోడల్‌లో ఆ నీటిని పట్టే ట్రే రెండో వైపు, అంటే బయటికి పోయే గాలి వైపు మాత్రమే ఉంటే ఎంత కడిగినా లాభం లేదు. తేమను కూడా మార్పిడి చేసే ఈఆర్‌వీ కోర్ వేయించుకోవడమే దారి.

ట్రే సరైన వైపే ఉండి కూడా కారుతోందా? అయితే ఒక పరీక్ష చేయండి.

ఉగాదికి వేళచ్చేరిలో మా అక్కావాళ్ళింటికి వెళ్తే హాల్లో బకెట్ పెట్టి ఉంది. చూసిన మెకానిక్ కోర్ మార్చాలన్నాడట. నేను స్విచ్ ఆపి, బాల్కనీలో, ట్రేలోని నీళ్ళు బయటికి పోయే పైపు చివర చెంబు పట్టుకుని నిల్చున్నాను. నిమిషం తిరక్కుండానే బుడబుడమంటూ చెంబు నిండింది. ఫ్యాన్ ఆపగానే నీరు దిగిందంటే పైపు పూడుకుపోలేదు, కోర్ చెడలేదు. తప్పు ట్రాప్‌ది.

పైపులో యు ఆకారపు వంపే ట్రాప్. అందులో నీళ్ళు నిలిచి ఉంటేనే ఫ్యాన్ పైపులోంచి గాలి పీల్చలేదు. సంక్రాంతి తర్వాత వాళ్ళు ఏసీ వేయలేదు, చెమ్మ పడలేదు, వంపు ఎండిపోయింది. మళ్ళీ ఏసీ మొదలెట్టేసరికి పైపులోంచి పైకి దూసుకొచ్చే గాలి, దిగాల్సిన నీటిని ట్రేలోనే ఆపేసింది. ఎండిన ట్రాప్‌లోంచి డ్రైనేజీ వాసన కూడా వస్తుంది. చాలామంది అది ఎలుక చచ్చిన వాసనేమో అనుకుంటారు.

మందు సులువు. ఎంసీబీ దించి, మూత తీసి, ట్రేలో మగ్గుడు నీళ్ళు మెల్లగా పోయండి. వంపులో రెండంగుళాల నీరు నిలవాలి. వంపే లేకుండా తిన్నగా పైపు వేసి ఉంటే ప్లంబర్‌తో పెట్టించండి.

పోసిన నీళ్ళు కదలకుండా నిలిస్తే మాత్రం పాచి పట్టిందని అర్థం. పైపు ఊడదీసి కడగాలి. మళ్ళీ బిగించేటప్పుడు వాటం చూడండి, మీటరుకు సెంటీమీటరైనా దిగాలి.

వచ్చే పాఠంలో ఫ్యాన్ గరగర సంగతి.